ఫంగస్ వాష్: మందు మోతాదు నిమిషాల్లో ఉంటుంది

ఫంగస్‌కు వాడే మందు వాష్ చూడటానికి మామూలు షాంపూలాగే ఉంటుంది. రుద్దితే నురగ వస్తుంది, వాసన కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. అందుకే చాలామంది దాన్ని షాంపూలాగే వాడతారు. అరనిమిషం రుద్ది, నీళ్లు పోసి కడిగేస్తారు. పది రోజులయ్యాక మందు పనిచేయలేదని పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు తగ్గిపోయిన తర్వాత కూడా నెలల తరబడి రోజూ ఒళ్లంతా పూసుకుంటూ, చర్మం ఎందుకు ఎండిపోయి మండుతోందో తెలియక బాధపడతారు. ఈ రెండు రకాల వాళ్లూ మరచిపోయేది ఒకటే సంగతి: అది మందు, దానికి మోతాదు ఉంది. మాత్ర మోతాదును మిల్లీగ్రాముల్లో చెబుతారు. వాష్ మోతాదు చాలావరకు ఒంటి మీద ఉంచిన నిమిషాలను బట్టి ఉంటుంది.

క్రీము రాస్తే గంటల తరబడి చర్మం మీదే ఉంటుంది. వాష్ మాత్రం నీళ్లతో పోవడానికే తయారైంది. కాబట్టి ఆ కొద్ది నిమిషాల్లోనే మందు చర్మం పై పొరలోకి చేరాలి. ఇలాంటి వాష్‌లలో వాడే కీటోకోనజోల్ అనే ఫంగస్ మందుకు ఆ పై పొరలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకునే గుణం ఉంది. కడిగేసిన తర్వాత కూడా కొంత అక్కడే నిలిచి పనిచేస్తుంది. అయితే అంటుకోవడానికి దానికి వ్యవధి ఇవ్వాలి.

వ్యవధి ఇచ్చినా కొన్ని జబ్బులకు వాష్ ఎందుకు సరిపోదు? ఇక్కడే అసలు చిక్కంతా ఉంది. చర్మం మీద పెరిగే ఫంగస్‌లన్నీ ఒక తీరువి కావు. ఏ ఫంగస్ ఎక్కడ కాపురం ఉంటుందో తెలిస్తే, వాష్ ఎంతవరకు ఆదుకుంటుందో సులువుగా అర్థమవుతుంది.

చర్మం మీద మనతోనే ఉండే ఈస్ట్

ఈస్ట్ కూడా ఒక రకం ఫంగసే. మలసీజియా అనే ఈస్ట్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మం మీద కూడా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ షార్ల్ మలసే పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. చర్మం నుంచి ఊరే జిడ్డే దాని తిండి. అందుకే తల, ముఖం, ఛాతీ, వీపు, భుజాల వంటి జిడ్డు ఎక్కువగా ఉండే చోట్ల చేరుతుంది. ప్రయోగశాలలో దీన్ని పెంచడానికి పోషక మాధ్యమంలో ఆలివ్ నూనె కలుపుతారు. చుండ్రు ఉన్న తలకు నూనె పట్టించి రాత్రంతా వదిలేయవద్దని చర్మవైద్యులు చెప్పేది ఇందుకే.

వేడి, చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు, ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండానే, ఈ ఈస్ట్ ఇబ్బంది పెట్టడం మొదలుపెడుతుంది. చుండ్రు, ముక్కు పక్కల, కనుబొమల్లో, చెవుల వెనక ఎర్రబారి పొట్టు లేచే సెబోరిక్ డెర్మటైటిస్, మెడ మీద, వీపు మీద వచ్చే శోభి మచ్చలు అన్నిటికీ దీనితో సంబంధం ఉంది. అది ఉండేది చర్మపు పైపై పొరలోనూ, వెంట్రుక కుదుళ్ల మొదట్లోనూ కాబట్టి నురగ దాన్ని నేరుగా అందుకోగలదు. వాష్‌లు అన్నిటికన్నా బాగా పనిచేసేది ఈ జబ్బుల్లోనే.

ఈ కోవలోనే మరొకటి ఉంది, దాన్ని చాలామంది మొటిమలని పొరబడతారు. ఛాతీ మీద, వీపు పైభాగంలో, నుదుటి అంచున చిన్న చిన్న పొక్కులు, అన్నీ దాదాపు ఒకే సైజులో, గుంపుగా వస్తాయి. విపరీతంగా దురద పెడతాయి. మామూలు మొటిమల్లో కనిపించే నల్లటి, తెల్లటి మొనలు వీటిలో ఉండవు. మొటిమలనుకుని యాంటీబయాటిక్ మాత్రలు వాడితే ఇవి తగ్గకపోగా పెరగవచ్చు, ఎందుకంటే ఆ మాత్రలు బాక్టీరియాను అణిచి ఈస్ట్‌కు చోటిస్తాయి. పొక్కులకు దురద తోడై, నెలల తరబడి మొటిమల మందులకు లొంగకపోతే ఈ అనుమానాన్ని వైద్యుడి ముందు తప్పక పెట్టాలి. దీనికి యాంటీఫంగల్ వాష్ ఉపయోగపడుతుంది. తీవ్రంగా ఉంటే మాత్రలూ అవసరమవుతాయి.

తామర సంగతి వేరు

తామరకు కారణం డెర్మటోఫైట్లు అనే ఫంగస్‌లు. ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరమ్, ఎపిడెర్మోఫైటాన్ అని వీటిలో మూడు ముఖ్యమైన వర్గాలున్నాయి. ఇవి జిడ్డును కాకుండా కెరాటిన్‌నే తిని బతుకుతాయి. చర్మపు పై పొర, వెంట్రుక, గోరు మూడూ కెరాటిన్‌తో తయారైనవే కాబట్టి ఆ మూడింటిలోకీ చొరబడతాయి. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో చర్మం మామూలుగా మారుతూ, ఉంగరంలా విస్తరించే మచ్చ వీటి గుర్తు. గజ్జల్లో, నడుము చుట్టూ, కాలివేళ్ల మధ్య కూడా వస్తుంది.

దీనికి వాష్ ఒక్కటే వాడి ఊరుకోవడం మంచి పద్ధతి కాదన్నది నా గట్టి అభిప్రాయం. తామరకు అసలు వైద్యం క్రీములు, అవసరమైతే మాత్రలు. క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్ లాంటి క్రీములను మచ్చ మీదే కాకుండా దాని అంచు దాటి మరో 2 నుంచి 3 సెంటీమీటర్ల వరకు రాయాలి. కంటికి ఇంకా కనిపించని ఫంగస్ ఆ అంచు బయటే పాకుతూ ఉంటుంది. క్రీమును బట్టి సాధారణంగా 2 నుంచి 4 వారాలు వాడాల్సి వస్తుంది. చాలా క్రీములను మచ్చ కనిపించకుండా పోయాక కూడా మరో వారం, రెండు వారాలు కొనసాగించమంటారు. వాష్ ఈ వైద్యానికి తోడు మాత్రమే.

పిల్లల తలలో వచ్చే తామర విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒకచోట జుట్టు తెగిపోయి, పొట్టు లేచి, నల్లటి చుక్కల్లాంటి మొదళ్లు కనిపిస్తే ఫంగస్ వెంట్రుక లోపలికి చేరిందని అర్థం. నురగ అక్కడికి చేరదు. గ్రిసియోఫుల్విన్, టెర్బినాఫిన్ వంటి నోటి మందులే దాన్ని నయం చేస్తాయి. కీటోకోనజోల్ లేదా సెలీనియం సల్ఫైడ్ షాంపూ తల నుంచి రాలే ఫంగస్ బీజాలను తగ్గిస్తుంది, అంటే పక్కవాళ్లకు సోకే అవకాశాన్ని తగ్గిస్తుంది. మెత్తగా చీముపట్టినట్టు ఉబ్బిన బుడిపె కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు, ఆ చోట జుట్టు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. గోళ్ల ఫంగస్‌కైతే ఏ వాష్ వల్లా ఉపయోగం లేదు.

చంకల్లో, రొమ్ముల కింద, పొట్ట మడతల్లో తడి నిలిచినప్పుడు వచ్చే క్యాండిడా మూడో రకం. ఎర్రగా ఒరుసుకుపోయినట్టు ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు చెదురుమదురుగా కనిపిస్తాయి. దీనికి ముఖ్యం పొడిదనం, దాని తర్వాత క్రీము. ఒరుసుకుపోయిన చర్మం మీద వాష్ మంట పుట్టించడమే ఎక్కువ.

సీసాలో ఏముంది

కొనేముందు పెద్ద అక్షరాల పేరు కన్నా కింద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. కీటోకోనజోల్ సాధారణంగా 2 శాతం, కొన్నిట్లో 1 శాతం ఉంటుంది. ఫంగస్ కణపు పొరకు అవసరమైన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వులాంటి పదార్థం తయారీని ఇది ఆపుతుంది. సెలీనియం సల్ఫైడ్ 1 లేదా 2.5 శాతం ఉంటుంది. ఈస్ట్‌ను అణచడంతో పాటు చర్మకణాలు మరీ వేగంగా పుట్టి రాలడాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. సైక్లోపిరాక్స్ ఫంగస్‌కు అవసరమైన ఇనుము వంటి లోహాలను దానికి దక్కకుండా చేస్తుంది. జింక్ పైరిథియోన్ ఎక్కువగా చుండ్రు షాంపూల్లో కనిపిస్తుంది.

క్లోర్‌హెక్సిడిన్ ఉన్న వాష్‌లు ప్రధానంగా బాక్టీరియాను చంపేవి. ఫంగస్ మీద వాటి ప్రభావం పరిమితం. అదీగాక క్లోర్‌హెక్సిడిన్ కంటిలో పడితే, లోపలి చెవిలోకి వెళితే తీవ్రమైన హాని జరుగుతుంది. అరుదుగానైనా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. "సూక్ష్మజీవులను చంపుతుంది" అని ఉన్నంత మాత్రాన ఫంగస్ మందు అనుకుని కొనవద్దు.

నురగ వేశాక

ముందుగా ఒంటి మీద ఉన్న చెమట, క్రీము, నూనె మామూలు సబ్బుతో పోగొట్టుకుని, నీళ్లు పోసుకుని, తర్వాత నీళ్లు కట్టేయాలి. షవర్ కింద నిలబడి మందు రాసుకుంటే నురగ నిలవదు, ఇది చాలా ఇళ్లలో జరిగే తప్పు. తడి చర్మం మీద వాష్ రాసి, అరచేత్తో మెల్లగా నురగ వచ్చేదాకా రుద్ది వదిలేయాలి. పీచుతో రుద్దవద్దు. శోభి మచ్చలైతే కనిపించే మచ్చకే పరిమితం కాకూడదు, ఈస్ట్ చుట్టుపక్కల కూడా పరచుకుని ఉంటుంది కాబట్టి మెడ, ఛాతీ, వీపు, పై చేతులు అన్నిటికీ పట్టించాలి. వీపు మధ్యలో చేయి అందదు. ఇంట్లో ఎవరినైనా రాయమనడం మంచిది, ఎందుకంటే ఆ అందని చోటే మచ్చలు మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది. తలకైతే మందు చేరాల్సింది మాడుకు. జుట్టును పాయలుగా విడదీసి, గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో పట్టించాలి.

ఇక గడియారం. కీటోకోనజోల్ 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. శోభికి సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం 10 నిమిషాలు. నురగతో నిలబడినప్పుడు ఒక్క నిమిషమే ఐదు నిమిషాల్లా అనిపిస్తుంది కాబట్టి అంచనాకు వదిలేయకుండా ఫోనులో అలారం పెట్టుకోవాలి. అలాగని అరగంట ఉంచితే ఎక్కువ మేలు జరగదు, చర్మం మండుతుంది. గడువు కాగానే బాగా కడగాలి. చెవుల వెనక, మెడ మడతలో, గజ్జల్లో నురగ మిగిలిపోకుండా చూసుకోవాలి.

ఎన్ని రోజులు? చుండ్రుకు, సెబోరిక్ డెర్మటైటిస్‌కు కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు. తగ్గాక మళ్లీ రాకుండా వారానికో, రెండు వారాలకో ఒకసారి. శోభికి అదే మందు రోజుకోసారి, గరిష్ఠంగా 5 రోజులు. సెలీనియం సల్ఫైడ్ అయితే రోజుకోసారి 7 రోజులు. ఇవి సాధారణంగా వాడే లెక్కలు. మీ చీటీలోనో, సీసా మీదో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించాలి.

ఒళ్లు తుడుచుకోవడం కూడా వైద్యంలో భాగమే. కాలివేళ్ల సందులు, గజ్జలు, చంకలు అద్ది అద్ది పూర్తిగా పొడి చేసుకున్నాకే క్రీము రాయాలి, బట్టలు వేసుకోవాలి. పాదాల్లో ఫంగస్ ఉన్నవాళ్లు లోదుస్తులకన్నా ముందు సాక్సులు వేసుకుంటే మంచిది. లేకపోతే లోదుస్తులు పాదాల మీదుగా ఎక్కేటప్పుడు అక్కడి ఫంగస్‌ను గజ్జలకు చేరవేస్తాయి. తువ్వాలు, దువ్వెన, బట్టలు ఎవరివి వాళ్లకే ఉండాలి. తువ్వాళ్లను, లోదుస్తులను 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే మేలు.

మచ్చ మిగిలినంత మాత్రాన

శోభి విషయంలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. వారం రోజులు మందు సక్రమంగా వాడతారు. ఈస్ట్ చస్తుంది. కానీ అద్దంలో చూస్తే తెల్లటి మచ్చలు అలాగే ఉంటాయి. దాంతో మందు చాలలేదని మళ్లీ మొదలుపెడతారు, ఇంకా ఘాటైనది కొంటారు, రెండు మూడు కలిపి రాస్తారు. జరిగింది వేరు. మలసీజియా తయారుచేసే అజెలాయిక్ ఆమ్లం వంటి పదార్థాలు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఉత్పత్తిని అడ్డుకుంటాయి. ఈస్ట్ పోయినా ఆ కణాలు మళ్లీ రంగు తయారుచేసుకుని చుట్టూ ఉన్న చర్మంతో కలిసిపోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఆ పని చర్మమే చేసుకోవాలి, ఏ వాషూ దాన్ని తొందరపెట్టలేదు.

ఫంగస్ ఇంకా ఉందో లేదో తెలుసుకోవడానికి రంగును చూడకుండా పొట్టును చూడాలి. మచ్చ ఉన్న చోట చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసినా, గోటితో మెల్లగా గీకినా సన్నటి పిండిలాంటి పొట్టు లేస్తే ఫంగస్ ఇంకా చురుగ్గా ఉన్నట్టే. పొట్టు లేకుండా నున్నగా ఉండి రంగు మాత్రమే తేడాగా ఉంటే మందు తన పని చేసినట్టు, మానేయవచ్చు.

అయినా శోభి మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ ఈస్ట్ మన చర్మం మీద ఎప్పుడూ ఉండేదే కాబట్టి పూర్తిగా వెళ్లగొట్టడం సాధ్యం కాదు. ఏటా ఎండాకాలంలో తిరగబెట్టేవాళ్లు ఆ కాలం మొదలయ్యేముందే కీటోకోనజోల్ షాంపూను రోజుకోసారి చొప్పున, గరిష్ఠంగా మూడు రోజులు వాడే పద్ధతి ఒకటుంది. నివారణ అంటే ఇలా లెక్క ప్రకారం చేసేది. ఇంటిల్లిపాదీ ఏ జబ్బూ లేకుండా రోజూ యాంటీఫంగల్ సబ్బుతో స్నానం చేయడం అనవసరం.

హాని ఎక్కడినుంచి

ఈ వాష్‌లు చాలావరకు భద్రమైనవే. కీటోకోనజోల్ పేరు వినగానే కాలేయం దెబ్బతింటుందని భయపడేవాళ్లున్నారు. ఆ భయానికి మూలం మాత్రలు. కాలేయానికి హాని జరుగుతోందని 2013లో ఐరోపా ఔషధ సంస్థ ఫంగస్‌కు వాడే కీటోకోనజోల్ మాత్రలను నిలిపివేయాలని సిఫారసు చేసింది, అమెరికా ఎఫ్‌డీఏ వాటి వాడకాన్ని బాగా కుదించింది. షాంపూ రూపంలో వాడినప్పుడు రక్తంలోకి చేరేది అత్యల్పం కాబట్టి ఆ ఆంక్షలు దానికి వర్తించలేదు. అయినా గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలకు వాడాలనుకునేవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి.

కొద్దిపాటి మంట, పొడిబారడం మామూలే. కడిగేశాక కూడా గంటల తరబడి మండుతున్నా, ఎర్రగా దద్దుర్లు లేచినా, నీటిపొక్కులు వచ్చినా మందు ఆపాలి. పెదవులు, ముఖం ఉబ్బినా, ఊపిరి అందకపోయినా అత్యవసర వైద్యం కావాలి. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకరోజు చూసుకోవడం మంచిది. కళ్లలో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. కోతలు, పుండ్లు ఉన్నచోట రాయకూడదు. నోటి లోపల, జననాంగాల లోపలి పొరల మీద వాడకూడదు. సెలీనియం సల్ఫైడ్ వాడేటప్పుడు నగలు తీసి పక్కన పెట్టాలి, లేకపోతే రంగు మారతాయి. నెరిసిన జుట్టు, రంగు వేసిన జుట్టు కూడా రంగు మారవచ్చు. అదే రోజు శాలిసిలిక్ ఆమ్లం, బెంజాయిల్ పెరాక్సైడ్, స్క్రబ్బులు కలిపి వాడితే చర్మం తట్టుకోలేదు.

అన్నిటికన్నా నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది స్టెరాయిడ్ కలిసిన క్రీములు. తామరకు రాయగానే దురద, ఎరుపు తగ్గి బాగుందనిపిస్తుంది. లోపల ఫంగస్ మాత్రం చర్మపు రక్షణ శక్తి తగ్గడం చూసుకుని నిశ్చింతగా విస్తరిస్తుంది. ఉంగరం అంచు చెరిగిపోయి, మచ్చ పోలికే మారిపోతుంది. అనుభవం ఉన్న డాక్టరుకు సైతం గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇలా మారిన తామరకు పైనుంచి ఏ వాష్ వాడినా లాభం ఉండదు. దీనికి తోడు టెర్బినాఫిన్‌కు లొంగని తామర కూడా ఇప్పుడు చాలా దేశాల్లో కనిపిస్తోంది. అందుకు ముఖ్య కారణమైన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్‌ను 2020లో కొత్త జాతిగా గుర్తించారు. సరైన మందు సరిగ్గానే వాడినా తామర పెరుగుతుంటే మీ తప్పేమీ లేకపోవచ్చు. మందు మార్చాల్సి రావచ్చు.

సెబోరిక్ డెర్మటైటిస్‌కు చాలాకాలంగా స్టెరాయిడ్ పూత రాస్తున్నవాళ్లు కీటోకోనజోల్ మొదలుపెట్టిన రోజే దాన్ని ఒక్కసారిగా మానకూడదు. 2 నుంచి 3 వారాల్లో మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే జబ్బు ఒక్కసారిగా తిరగబెడుతుంది.

పెంపుడు జంతువుల ఊసు కూడా ఎత్తక తప్పదు. కుక్కలకు, పిల్లులకు క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ చెరో 2 శాతం కలిపిన షాంపూలున్నాయి. వాటిని పదేసి నిమిషాలు ఉంచుతారు. ఆ షాంపూలను మనుషులు వాడటం గానీ, మన షాంపూ జంతువులకు రుద్దడం గానీ మంచిది కాదు. జంతువు ఒళ్లు నాకుతుంది, మందు కడుపులోకి పోతుంది. పిల్లికూనల నుంచి మైక్రోస్పోరమ్ కానిస్ అనే తామర ఫంగస్ పిల్లలకు సులువుగా అంటుకుంటుంది కాబట్టి ఇంట్లో పదేపదే తామర వస్తుంటే పశువైద్యుడికి కూడా చూపించాలి.

సొంత వైద్యం ఆపాల్సిన చోటు

మచ్చ మీద స్పర్శ తెలియకపోతే, వేడి చల్లన తేడా తెలియకపోతే అది ఫంగస్ కాదు. కుష్ఠు అయ్యే అవకాశం ఉంది, వెంటనే పరీక్ష చేయించాలి. పొట్టు లేకుండా పాలలా తెల్లగా ఉన్న మచ్చ బొల్లి కావచ్చు. గజ్జల్లో, చంకల్లో గోధుమరంగులో వచ్చే ఎరిత్రాస్మా చూడటానికి ఫంగస్‌లాగే ఉన్నా బాక్టీరియా వల్ల వస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, జ్వరం, చీము, నొప్పి ఉన్నవాళ్లు, ముఖం మీదో జననాంగాల దగ్గరో ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు వాష్‌తో ప్రయోగాలు చేయవద్దు. లెక్క ప్రకారం వాడినా 4 వారాల్లో గుణం కనిపించకపోతే మళ్లీ అదే సీసా కొనడంలో అర్థం లేదు.

డాక్టరు మచ్చ అంచు నుంచి కొంత పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఫంగస్ పోగులు అక్కడే కనిపిస్తాయి. అయితే ముందురోజు దాకా వాష్‌లు, క్రీములు రాస్తూ ఉంటే ఫంగస్ ఉన్నా పరీక్షలో దొరకకపోవచ్చు. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఎన్నాళ్ల ముందు మందులు ఆపాలో అడగాలి. వెళ్లేటప్పుడు అప్పటివరకు వాడిన సీసాలు, ట్యూబులన్నీ, సగం అయిపోయినవీ, పక్కింటివాళ్లు ఇచ్చినవీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. వాటి మీది పేర్లు చదివితే స్టెరాయిడ్ ఎక్కడైనా చొరబడిందో లేదో డాక్టరుకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.